నల్ల పులుసు

"మాతా, రుచి మారింది. యాది పెట్టుకుంటున్న."

కరుణాకర్ ఆ మాట అన్నప్పుడు నేను స్టవ్ ముందు నిలబడి బెల్లం కరగబెడుతున్నాను. గరిటె కొసన ఉన్న చుక్కను వేలితో తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, అంజన్న ఫోటో ముందు నిలబడ్డంత శాంతంగా అన్నాడు. మెడలో మాల, నుదుట సిందూరం, ఒంటి మీద కాషాయం పంచె, ఎడమ చేతికి దుబాయ్ నుంచి తెచ్చుకున్న బంగారు రంగు వాచీ. మాత అంటే నేనే. పదకొండేళ్ళుగా ఆయన భార్యను. హనుమాన్ దీక్షలో ఉన్న నలభై ఒక్క రోజులు స్వామి ఆడవాళ్ళందరినీ మాతా అనే పిలవాలి, కట్టుకున్నదాన్ని కూడా. తిట్టకూడదు, కొట్టకూడదు, నీసు ముట్టకూడదు, ఉల్లి వెల్లుల్లి తినకూడదు, చాప మీదే పడుకోవాలి. ఇన్ని కూడదుల్లో నాకు కావలసింది ఒక్కటే. అందుకే మాల వేసుకున్న రోజు ఆయన కాళ్ళకు నేను నిజంగా మొక్కాను. ఊరికే వంగి లేవలేదు. నుదురు నేలకు ఆనించాను.

యాది పెట్టుకుంటున్న అన్న మాటకు మా ఇంట్లో అర్థం ఒకటే. ఇప్పుడు చేయి ఎత్తను, దీక్ష విడిచాక అన్నీ కలిపి చూసుకుంటాను అని. మూడో రోజు పూజ చెంబు సరిగ్గా తోమలేదని యాది పెట్టుకున్నాడు. ఎనిమిదో రోజు బోథ్‌లో ఉన్న మా అవ్వతో, నన్ను కన్నతల్లితో, ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడానని యాది పెట్టుకున్నాడు. పన్నెండో రోజు నేను బయట చేరాను. దీక్ష ఉన్న ఇల్లు కదా, వెనకాల రేకుల గదిలో నాలుగు రోజులు కూర్చోబెట్టారు. ఎవరూ ఏ పనీ చెప్పలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి పగటిపూట కాళ్ళు చాపుకుని పడుకున్నాను, అందుకు కూడా అంజన్నకు దండం పెట్టుకున్నాను. అదీ యాదిలో చేరింది, నా ఒళ్ళు కావాలని ఆయన మీద కక్ష కట్టినట్టు. గొంతు మాత్రం మెత్తగా ఉండేది. పక్కింటి మమతారాణి గోడ మీదుగా, "మీ స్వామి మాట ఎంత సల్లగుంటదక్కా" అంది. నేను నవ్వాను. ఉరిశిక్ష చదివే జడ్జి గొంతు కూడా చల్లగానే ఉంటుందట.

ముందు ఈ పులుసు సంగతి చెప్పాలి. కరుణాకర్ పెళ్ళికి ముందు ఆరేళ్ళు దుబాయ్‌లో ఒక జపాన్ హోటల్లో పనిచేశాడు. చేసింది పళ్ళేలు కడిగే పని. చుట్టాలకు చూపించే ఫోటోలో మాత్రం నెత్తిన వంటవాడి తెల్ల టోపీ ఉంటుంది. కరీంనగర్ తిరిగొచ్చి ఏవేవో పనులు చేశాక, నిరుడు మానేరు డ్యాంకు పోయే తోవలో బండి పెట్టాడు. వంకాయ, క్యారెట్, రొయ్యలు పల్చటి పిండిలో ముంచి కరకరలాడేలా వేయించి ఇస్తాడు. 'జపాన్ బజ్జీ' అని బోర్డు రాయించాడు. బజ్జీదేముంది, ఎవరైనా వేస్తారు. దాన్ని ముంచుకు తినే నల్లటి సాస్ ఒకటి ఉంటుంది, అసలు సంగతంతా దాంట్లోనే ఉంది. దుబాయ్ నుంచి తెప్పించిన సీసా వారానికే అయిపోయింది. అలాంటిది ఇక్కడ దొరకలేదు. ఖాళీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, "గిట్లనే ఉండాలె, జేయి" అన్నాడు. దాంట్లో ఏమేం పడతాయని అడిగితే, "అన్నీ నేనే జెప్తె నువ్వెందుకు" అన్నాడు. ఆయనకు తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన కడిగింది పళ్ళేలు, తిన్నది పెట్టింది. వండేవాళ్ళ చేతుల వంక చూడడం ఆయనకు ఎక్కడా అలవాటు కాలేదు.

సీసాలో రెండు చెంచాల నీళ్ళు పోసి గిలకరించి నాలుక మీద వేసుకున్నాను. ముందు ఉప్పు తగిలింది, వెనక తీపి, ఆ రెంటి కిందా ఇంకేదో. రెండు రోజులు ఆలోచించాను. అంట్లు తోముతూ, బట్టలు ఉతుకుతూ, నా బిడ్డ దీపికకు జడ వేస్తూ అదే ఆలోచన. అంగడి నుంచి మా అవ్వ ఎండు రొయ్యలు తెచ్చిన రోజు ఇంట్లో ఉండే వాసన అది. అది దొరికాక మిగిలినవన్నీ వంటింటి అల్మారాలోనే ఉన్నాయి. దీపిక నూడుల్స్ కోసం కొన్న సోయా సాస్, ఎప్పుడో తెచ్చి మరిచిన వెనిగర్, బెల్లం, అల్లం, వెల్లుల్లి, నువ్వుల నూనె. ఎండు రొయ్యలు వేయించి మరిగించి వడకట్టిన నీళ్ళలో ఏది ఎంత పడాలో తేలడానికి ఇరవై రెండు రోజులు పట్టింది.

ఆ ఇరవై రెండు రోజులు నా ఒంటి మీద ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పెక్కువైన రోజు జుట్టు పట్టుకుని ఫ్రిజ్ తలుపుకేసి బాదాడు. ఫ్రిజ్‌కు సొట్ట పడింది, సొట్ట పడిందని ఇంకో రెండు దెబ్బలు వేశాడు. తీపెక్కువైన రోజు కాగుతున్న గిన్నె ఎత్తి నా కుడిచేతి మీద కుమ్మరించాడు. బెల్లం పాకం కదా, జారిపోదు, పట్టుకుంటుంది. తుడిస్తే పాకంతో పాటు తోలు కూడా వచ్చింది. పల్చగా ఉందన్న రోజు కడుపులో తన్నాడు, మూడు రోజులు నడుం ఎత్తి నిలబడలేకపోయాను, మూడు రోజులూ బండికి పిండి కలిపే పంపాను. ఎప్పుడైనా పద్ధతి ఒకటే. వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరకు వేసేవాడు. వాచీ తీసి మూలనున్న ఫ్రిజ్ మీద పెట్టేవాడు. తర్వాత మొదలుపెట్టేవాడు. అయిపోయాక చన్నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చి పక్కన కూర్చుని, "కోపమొస్తె నా చెయ్యి నా మాట ఇనదే, ఏం జేయాలె" అనేవాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకునేవాడు. నేను నమ్మేదాన్ని. చేయి ఆయన మాట వినదు పాపం అనుకుని, ఆ చేతికే అన్నం కలిపి ఇచ్చేదాన్ని. మా అత్త బాలవ్వ వచ్చి నేల మీద పడ్డదంతా తుడుస్తూ, "మొగోడన్నంక చెయ్యి లేస్తది బిడ్డా, జర ఓర్సుకోవాలె" అనేది.

ఇరవై మూడో రోజు రుచి కుదిరింది. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని ఎడమచేత్తో కలిపాను. ఆయన తిన్నాడు, గిన్నె ఎత్తుకుని బండికి పోయాడు. దుబాయ్‌లో నేర్చుకున్నానని అందరికీ చెప్పాడు. ఆ సాస్‌కు బాలవ్వ నల్ల పులుసు అని పేరు పెట్టింది, ఇంట్లో అదే నిలిచిపోయింది. ఏడాది తిరిగేసరికి సాయంత్రం బండి ముందు నిలబడడానికి చోటు లేదు. ఆ సంబరంలోనే బాలవ్వ కొడుకుతో మాల వేయిస్తానని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. మాల పడ్డాక అసలు చిక్కొచ్చింది. స్వామి బండి మీద నీసు ఉండకూడదు. రొయ్యల బజ్జీ ఆపేశాడు, అది సరే. పులుసు ప్రాణమే ఎండు రొయ్యల్లో ఉందని చెబితే నన్ను వింతగా చూశాడు. ఏడాదిగా ఊరికి అమ్ముతున్నది దేనితో అవుతుందో ఆ రోజే ఆయనకు తెలిసింది. "రొయ్యలద్దు, ఎల్లిగడ్డద్దు. రుచి మాత్రం గదే ఉండాలె మాతా" అన్నాడు.

అదే ఉండాలట. నీళ్ళు లేకుండా ఈత కొట్టమన్నట్టు. మొదటి పదకొండు రోజులు ఏదో చేసి పంపాను. నేను రేకుల గదిలో ఉన్న నాలుగు రోజులు ఆయనే చేశాడు, సోయా సాస్‌లో నీళ్ళూ చక్కెరా కలిపి. అన్నా, ఇది ఆ సాసేనా అని కాలేజీ పిల్లలు మొహం మీదే అడిగారట. ఇంటికొచ్చి మాల మీద చేయి వేసుకుని, పళ్ళు బిగబట్టి, రేకుల తలుపు బయట నిలబడి, యాది పెట్టుకుంటున్న అన్నాడు. తలుపు సందులోంచి ఆయన కాలి వేళ్ళు కనిపించాయి, నేలను గీరుతున్నాయి. ఆ రోజు నాకొక ఆలోచన వచ్చింది, ఉన్నదున్నట్టు చెబుతాను. బజ్జీల మూకుడులో నూనె పొగలొచ్చేదాకా కాగనిచ్చి, ఆయన వంగి రుచి చూసేటప్పుడు, ఆ మూకుడు అంతా ఆ మెడ మీద, మాలతో సహా. ఎలా అరుస్తాడో కూడా విన్నాను. విని భయపడలేదు, నిద్రపోయాను. కొట్టేవాడి పక్కన పదకొండేళ్ళు బతికితే మనలో కూడా అది కొంత మురిగి పేరుకుంటుంది. పొద్దున లేచి నా చేతులు చూసుకున్నాను. ఈ చేతులు రుచి కుదిర్చేవి, ఆయన కోసం వీటిని జైలుకు పంపనని అనుకున్నాను.

దీక్ష పంతొమ్మిదో రోజు కూడా రుచి మారిందన్నాక, ఆయన బండికి పోయిన తర్వాత మా అవ్వకు ఫోన్ చేశాను. మా అవ్వ సక్కుబాయి. బోథ్ దగ్గర రెండెకరాలు, పత్తి లేకపోతే సోయా. అవ్వా, మన ఇంట్లో కూర లేని రోజు ఏదో వేయించి చారు పెట్టేదానివి, మాంసం చారు లెక్క ఉంటదని బాపు గిన్నె నాకేవాడు, ఏందది అని అడిగాను. మా అవ్వ నవ్వింది. "సోయా గింజలే గదనే. పెంక మీద నల్ల సుక్కలు వడేదాక ఏంచాలె. మసిలే నీళ్ళల్ల ఏసి మూత పెట్టి మర్సిపోవాలె" అంది. తర్వాత, నేను బాగున్నానా అని అడిగింది. దీక్ష నడుస్తోంది కదవ్వా, బాగున్నాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వింతగా వినిపించింది. దీక్ష నడిస్తే బాగుంటాను. నడవకపోతే? అవ్వ అడగలేదు. మూడు రోజులకు ఆదిలాబాద్ బస్సులో సోయా గింజల సంచి వచ్చింది, దాంట్లో నాలుగు ముల్లంగి గడ్డలు కూడా వేసింది.

ఇరవై నాలుగో రోజు చేశాను. గింజలు పెనం మీద వేసి కదుపుతూ కూర్చున్నాను. ముందు పచ్చి వాసన పోయింది, తర్వాత పల్లీల వాసన వచ్చింది, దాని వెనక కాల్చిన మాంసం వాసనలాంటిది లేచింది. అప్పుడు దించి మరిగే నీళ్ళలో పోసి మూత పెట్టాను. ఆ నీళ్ళు వడకట్టి, సోయా సాస్, బెల్లం, వెనిగర్, అల్లం రసం, చివరికి రెండు చుక్కల నువ్వుల నూనె. ముల్లంగి తురిమి నీరు పిండి, పులుసులో కలుపుకోవడానికి పక్కన పెట్టాను. వేలితో కొంచెం నాలుక మీద వేసుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. రొయ్యల దానికంటే బాగుంది. రొయ్యలది ఇంకెవరిదో సీసా చూసి చేసింది. ఇది మా అవ్వ పొయ్యి మీద నుంచి వచ్చింది, పూర్తిగా నాది. ఆయన రుచి చూశాడు, ఇంకో చెంచా పోయించుకున్నాడు. చివరికి, "పర్వలేదు మాతా" అన్నాడు. వారం తిరిగేసరికి బండి ముందు ఎప్పటికంటే ఎక్కువ జనం.

ముప్పై మూడో రోజు మధ్యాహ్నం ఓంప్రకాశ్ ఇంటికి వచ్చాడు. పెళ్ళిళ్ళకు వంటలు ఒప్పుకునే పెద్ద మనిషి, నాలుగు ఫంక్షన్ హాళ్ళలో ఆయన మనుషులే వండుతారు. పులుసు తన విందులన్నిటికీ కావాలన్నాడు. కరుణాకర్ చాప మీద కూర్చుని, దుబాయ్‌లో తన గురువు జపాన్ ముసలాయన ఎలా నేర్పాడో చెబుతున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చాను. ఓంప్రకాశ్ గిన్నె వాసన చూసి, ఇదేదో కాల్చిన వాసన, కాఫీ పొడి వేస్తున్నారా అని అడిగాడు. నేను ఆలోచించలేదు. వంట గురించి ఎవరైనా అడిగితే వండినవాళ్ళ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. "కాఫీ గాదన్నా, సోయా గింజలు. నల్లగ ఏంచి ఉడకబెట్టిన" అన్నాను. ఓంప్రకాశ్ నా వంక చూసి, తర్వాత కరుణాకర్ వంక చూసి, మీసంలో నవ్వుకున్నాడు. దీక్ష విడిచిన మర్నాడు సాయంత్రం వస్తాను, నా కళ్ళ ముందే చేసి చూపించు, ఒప్పందం రాసుకుందాం అని చెప్పి వెళ్ళాడు.

గేటు చప్పుడయ్యేదాకా కరుణాకర్ కదలలేదు. చాప మీదే, వెన్ను నిటారుగా. బాలవ్వను పిలిచాడు.

"అవ్వా, నేను దీక్షల ఉన్న. నా చెయ్యి లేవద్దు. నువ్వు గొట్టు."

బాలవ్వకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు, అదే చల్లటి గొంతుతో. వంటింట్లోంచి తెడ్డు తెమ్మన్నాడు. పులుసు కలిపే కర్ర తెడ్డు, నా అరచేతి జిడ్డుకు నల్లబడింది. బాలవ్వ తెచ్చింది. వద్దురా స్వామీ, పూజ ఇల్లు అంది. నీ మొక్కు కోసమే ఇన్ని రోజులు ఓర్చుకుంటున్నాను, నా దీక్ష చెడాలా అని అడిగాడు. మొదటి దెబ్బ భుజం మీద మెత్తగా పడింది. "గట్టిగ" అన్నాడు. రెండోది మోచేతి ఎముక మీద తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. "ఇంకోటి." నేను చేతులు అడ్డం పెట్టుకుంటే, "మాతా, చేతులు దించు" అన్నాడు. మాతా. ఐదు దెబ్బలు పడ్డాయి. ఐదోది చెవి పక్కన తగిలి, పెదవి పళ్ళ మధ్య పడి నెత్తురు వచ్చింది. గడప దగ్గర దీపిక రంగుల పెన్సిల్ పట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల.  ఆయన లేచి చన్నీళ్ళ స్నానం చేసి, సాయంత్రం పూజకు కూర్చున్నాడు. ఆ నోటితోనే భజన పాడాడు.

ఆయన బండికి వెళ్ళాక బాలవ్వ పసుపు, నూనె కలిపి తెచ్చి నా మోచేతికి రాసింది.  తప్పయిందని అనలేదు. ఆమె మాట్లాడింది తన గురించి. మా మామ హనుమండ్లు సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, పోయి పదేళ్ళయింది. సాంచెల చప్పుడులో ఆమె అరుపులు ఎవరికీ వినిపించేవి కావట.

"మీ మామ గొట్టేముందు అంగి ఇప్పి దండెం మీద ఏసేటోడు బిడ్డా. గుంజులాటల చినుగుతదని. అంగి దండెం మీదికి వోయిందంటే, ఇగ నాకు తెల్సేది."

చెప్పి లేచి పోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. అంగి చినుగుతుందని. కోపంతో ఒళ్ళు తెలియని మనిషి, చేయి మాట వినని మనిషి, అంగి విప్పి, మడత పడకుండా దండెం మీద వేసి, తర్వాత వచ్చి కొట్టేవాడు. నా తల మెల్లగా ఫ్రిజ్ వైపు తిరిగింది. ఫ్రిజ్ మీద ఏమీ లేదు. ముప్పై మూడు రోజులుగా అక్కడ ఏమీ లేదు. వాచీ. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన వాచీ పెట్టుకుని నన్ను కొట్టలేదు. టక్‌మని కొక్కెం ఊడదీసి, నాకు వీపు తిప్పి, మూలకు నడిచి, అద్దం పైకి ఉండేలా ఫ్రిజ్ మీద పెట్టేవాడు. ఒకసారి ఫ్రిజ్ మీద తడి ఉంటే తుడిచి మరీ పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను, చూసి ఏమీ అనుకోలేదు. చేయి మాట వినదంటే వినదనుకున్నాను. ఈ ముప్పై మూడు రోజులు అదే చేయి ఎంత చక్కగా విన్నది. దేవుడికి భయపడి ఆగింది. వాచీకి గీత పడుతుందని ఆగేది. ఆగలేనిది నా ఒక్కదాని కోసమే. అంటే నా మీద పడ్డ ప్రతి దెబ్బా ఆయన తీరిగ్గా ఎంచుకుని వేసిందే. ఫ్రిజ్‌కేసి కొట్టింది, పాకం పోసింది, అన్నీ. ఆ ఆలోచన తెడ్డు దెబ్బల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. పాపం అనుకుని కలిపి ఇచ్చిన అన్నం ముద్దలన్నీ గొంతులోకి వచ్చాయి. పెరట్లోకి పోయి కక్కుకున్నాను.

దీపిక వెనకాలే వచ్చి చెంబుతో నీళ్ళు అందించింది. "మమ్మీ, డాడీ మాల ఎప్పటికి తియ్యకుంటే ఏమైతది" అని అడిగింది. చెంబు తీసుకుని నోరు కడుక్కున్నాను. నా బిడ్డ తొమ్మిదేళ్ళకే, తండ్రి మెడలో దండ ఉంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుందని నేర్చుకుంది. ఆ చేయి ఆగగలదని నాకు తెలియడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది, దానికి ఇంకొంచెం త్వరగా తెలియాలి. ఆ రోజే నాలో నేను ఒక మాట అనుకున్నాను. దీక్ష విడిచాక ఆ చేయి ఎత్తకుండా ఉండగలడు, అది రుజువైంది. ఉంటే ఉంటాను. వాచీ మీద చేయి పడితే, ఆ రోజే పోతాను. ఇది ఎవరితోనూ చెప్పలేదు. దీపిక బట్టలు, స్కూలు కాగితాలు, నా ఆధార్ కార్డు ఒక సంచిలో సర్ది రేకుల గదిలో పెట్టాను. దీక్ష అయ్యేదాకా ఆయన అడుగుపెట్టని గది ఇంట్లో అదొక్కటే.

నలభై ఒకటో రోజు స్వాములందరితో కలిసి కొండగట్టుకు పోయాడు. మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మెడ బోసిగా ఉంది, గడ్డం గీయించుకున్నాడు, ఇస్త్రీ అంగీ తొడుక్కున్నాడు. చేతిలో కోడి మాంసం సంచి. సంచి నాకిస్తూ, "ఏమే" అన్నాడు. నలభై ఒక్క రోజుల తర్వాత ఆ పిలుపు చెంప మీద పడ్డట్టే పడింది. "ఓంప్రకాశ్ వచ్చిపోని. మనం తరువాత కూసుందాం. అన్ని యాదున్నయి." కోడికూర వండాను. తృప్తిగా తిన్నాడు. నేను దీపికకు తినిపించి, ఓంప్రకాశ్ రాగానే మంచి చెప్పులు వేసుకుని, రేకుల గదిలోని సంచి తీసుకుని గేటు దగ్గర నిలబడమన్నాను. 

ఐదింటికి ఓంప్రకాశ్ వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. కళ్ళ ముందు చేయాల్సిన కరుణాకర్ ఇప్పుడేమో, ఇది గురువు చెప్పిన రహస్యం, లోపల చేసి తెస్తాను, రుచి చూడు చాలు అన్నాడు. వంటింట్లోకి వచ్చాడు. నేను గట్టు మీద అన్నీ వరసగా పెట్టి ఉంచాను. సోయా సాస్ సీసా, వెనిగర్, బెల్లం, అల్లం, నువ్వుల నూనె, పచ్చి సోయా గింజలు, ముల్లంగి. గడప దగ్గర నిలబడ్డాను. పులుసు చెయ్యమన్నాడు. ఒక్క మాట ఓంప్రకాశ్ అన్నకు చెప్పు, ఇది చేసేది వందన అని, వెంటనే చేస్తాను అన్నాను. నా పేరు నా నోటితో చెప్పుకోవడం నాకే కొత్తగా ఉంది.

ఆయన నమ్మలేనట్టు చూశాడు. గొంతు బయటికి వినపడకుండా, "ఆడిదాని పేరు చెప్పి ఆర్డర్ తెచ్చుకోవాల్నా" అన్నాడు. "చేస్తవా, చెయ్యవా?"

"చెప్తె చేస్త."

రెచ్చగొట్టింది అంటారు, నాకు తెలుసు. మా అవ్వ వైపు వాళ్ళు కూడా అంటారు. ఆ సమయానికి ఆయన అడిగింది చేసిపెడితే పోయేదిగా అంటారు. రెచ్చిపోయినవాడు వాచీ చూసుకోడు. నేను ఆయన కళ్ళు చూడలేదు, చేతులు చూశాను. ఒక్క క్షణం రెండు చేతులూ ఊరికే వేలాడాయి. ఆ క్షణంలో, నిజం చెబుతాను, ఉండిపోవాలని ఉండింది. ఆగు, ఆగు, నీకు ఆగడం వచ్చు అని ఆ చేతిని లోపల బతిమాలుకున్నాను. కుడిచేయి లేచి ఎడమ మణికట్టు మీదికి పోయింది. టక్‌మని కొక్కెం ఊడింది. వాచీ తీసి, నాకు వీపు తిప్పి, మూలనున్న ఫ్రిజ్ వైపు నడిచాడు.

వంటింటి తలుపుకు బయట గొళ్ళెం ఉంది, పిల్లి దూరకుండా నేనే చెప్పి బిగించుకున్నది. గడప దాటి తలుపు లాగి గొళ్ళెం వేశాను.  తర్వాత తలుపు మీద మొదటి గుద్దు పడింది. తర్వాత తన్ను. సీసాలు పగిలాయి, గిన్నెలు గోడకు తగిలాయి, నా అవ్వనూ నా పుట్టుకనూ ఎత్తి తిట్టిన తిట్లు తలుపు సందుల్లోంచి వచ్చాయి. గడప కింద నుంచి సోయా సాస్ నల్లగా పారి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు. "అన్నా, పులుసు చేసేది నేను. కావాలంటె బోథ్‌కు ఫోన్ జేయి" అని చెప్పి అవ్వ నంబర్ ఇచ్చాను. ఆయన తల ఊపాడో లేదో చూడలేదు. బాలవ్వ వచ్చి తలుపు ముందు నిలబడింది. కొడుకు లోపల నుంచి, అవ్వా తియ్యి అని అరుస్తున్నాడు. ఆమె చేయి గొళ్ళెం దాకా లేచింది. అక్కడ ఆగింది. ఆ చేతిని కొంగులో చుట్టుకుని, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూలబడింది. ఒక్కో తన్నుకూ ఆమె వీపు అదురుతోంది.

"పో బిడ్డా" అంది.

గేటు దగ్గర దీపిక చేయి పట్టుకున్నాను. పదకొండేళ్ళు ఆయన వాచీ తీసి, ఫ్రిజ్ మీద అద్దం పైకి ఉండేలా పెట్టి, నా వైపు తిరిగేదాకా నేను కదలకుండా నిలబడి ఎదురుచూసేదాన్ని. ఆ గడప దాటడానికి అంతసేపు కూడా పట్టలేదు.